పువ్వు పెట్టిన గుర్తు

ఆషాఢ శుద్ధ పంచమి

మా తొట్టి ఈ రోజు పరీక్ష తప్పింది. తొట్టి సంగతులు రోజూ రెండు ముక్కలు రాసిపెట్టమని సాగర శాఖవాళ్ళ ఆజ్ఞ కాబట్టి ఆ ముక్కే ముందు రాస్తున్నాను. ఏడుపు తరవాత.

పరీక్ష చేసింది హంసవేణి. శాఖలో డాక్టరు, చిన్న వయసు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మా ముందుగదిలో గోడ పొడవునా ఉన్న అద్దాల తొట్టిలో చెయ్యి ముంచి, ముంజేతిని మా పువ్వుకి ఆనించి నిలబడింది. పువ్వంటే చెట్టుకి పూసేది కాదు. రాతిని కరుచుకుని, వేలెడేసి రేకులు ఊపుకుంటూ కూర్చునే సముద్రపు జీవి. ఆ రేకులు తగిలితే కుట్టాలి, చర్మం మీద ఎర్రగా దద్దుర్లు లేవాలి. హంసవేణి చెయ్యి తీసి చూపిస్తే ఒక్క చుక్క కూడా లేదు.

"ఎంత బాగా పెంచారమ్మా! కానీ ఇది కుట్టడం లేదు" అంది.

"కుట్టకుంటే మంచిదే కదా మేడం" అన్నాడు మా ఆయన ఓబులేసు. ఆయన పుట్టింది ఇక్కడే, ఈ అనంతపురం మెట్టలో. సముద్రం ఎలా ఉంటుందో ఎరగని మనిషి.

"ఇంట్లో మంచిదేనండీ. సముద్రంలో కాదు. పోయిన ఏడాది వదిలిన మెత్తటి పువ్వుల్ని చేపలు వారం తిరక్కుండా కొరుక్కు తినేశాయి."

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. సముద్రానికీ అదే బుద్ధి.

మేత ఎంత వేస్తున్నారని అడిగింది. శాఖ ఇచ్చిన మేతే, చెప్పిన కొలతే, అంతకు మించి ఒక్క గింజ వెయ్యలేదని చెప్పాను. ఆమె తల గోక్కుని, కారణం తనకీ తెలియడం లేదని ఒప్పుకుంది. వీధిలో అందరి తొట్లూ ఇలాగే మెత్తబడ్డాయట.

అమావాస్యకి మళ్ళీ వస్తుంది. అప్పుడు కుడితే శ్రావణ పున్నమికి మా పువ్వు సముద్రానికి వెళుతుంది, దానికి కాపలాగా ఇంటివాళ్ళూ రేవుకి వెళ్ళి ఉండొచ్చు. కుట్టకపోతే తొట్టి పట్నంలో ప్రదర్శనశాలకి పోతుంది, మేం ఇక్కడ ఖాళీ గోడ చూస్తూ కూర్చుంటాం. తీరం పొడవునా వేసిన కంచె దాటి సముద్రం దగ్గరికి వెళ్ళడానికి ఇంకో దారి లేదు.

నాకు వెళ్ళాలని ఉంది. దాచుకోవడానికేముంది, చచ్చేలోగా ఒక్కసారి ఆ ఉప్పుగాలి పీల్చాలని ఉంది.

సప్తమి

పొద్దున్నే లేచి అల యంత్రం రెక్కలు కడిగాను. నీళ్ళు ఎక్కే పోటుకీ దిగే పాటుకీ అది చంద్రుణ్ణి బట్టి తనే మారుతుంది. ఈ మెట్టలో చంద్రుడి మాట వినేది అదొక్కటే. ఎండకి ఆవిరైన నీటికి సరిపడా మంచినీళ్ళు కలిపి నాలిక మీద చుక్క వేసుకుని చూశాను. శాఖవాళ్ళు ఉప్పు కొలిచే గొట్టం ఇచ్చారు. అది చెప్పేది తరవాత చూస్తాను, నాలిక ముందు చెబుతుంది.

నా పదిహేడో ఏట సముద్రం మూసేశారు. నీళ్ళు వేడెక్కి, పగడాలు సున్నంలా పాలిపోయి, చచ్చిన చేపలు ఒడ్డున గుట్టలు పడ్డ ఏడాది అది. మా పెదరేవు జాలర్లందరినీ ఈ మెరక కాలనీకి తోలుకొచ్చి, ఇంకా ప్రాణమున్న పగడాల్నీ పువ్వుల్నీ ఇంటికొక తొట్టిగా పంచారు. సముద్రాన్ని ఇలా వాటాలు వేసుకున్న సంతానం మేమే. ఇప్పుడు అక్కడ నీళ్ళు చల్లబడ్డాయట. దాచినవాటిని మళ్ళీ నాటుతున్నారు.

మొదట్లో ఈ తొట్లు ఎలా కుట్టేవని! రాళ్ళు తోముతుంటే మోచేతుల దాకా దద్దుర్లు. మా అమ్మ మాత్రం కుట్టిందని ఎప్పుడూ అనేది కాదు. చిన్నప్పుడు వల దులుపుతుంటే ఏదో జీవి నా చేతికి చుట్టుకుంది. నేను గావుకేకలు పెడుతుంటే అమ్మ అల మీది నీళ్ళే దోసిట పట్టి పోస్తూ, "ఏడవకే, గంగమ్మ నీకు గుర్తెట్టింది. రేపు నువ్వు నడిసముద్రంలో తప్పిపోయినా ఈ గుర్తు సూసి ఒడ్డుకి సేర్సుద్ది" అంది. ఆ గుర్తు మానేదాకా పదిమందికీ చూపించుకుని తిరిగాను. మా వాడలో కుట్టడమన్న మాటే లేదు. నీకెన్ని గుర్తులు, నాకెన్ని గుర్తులు అని పోటీలు పడేవాళ్ళం.

ఆ గుర్తులన్నీ ఇప్పుడు చర్మంలో కలిసిపోయాయి. చేతులు చూసుకుంటే ఎవరివో అనిపిస్తాయి.

ఏకాదశి

తొలి ఏకాదశి. పొయ్యి వెలిగించలేదు. నేను ఉపవాసం, నాకు తోడని ఆయనా ఉపవాసం. మధ్యాహ్నానికి ఆయన పేలపిండి డబ్బా చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాడు. అది ఉపవాసంలో తినొచ్చని ఆయన వాదన. తినమన్నాను. ఆ మాట కోసమే కాచుకున్నట్టు సగం డబ్బా ఖాళీ చేశాడు.

తొట్టిలో విశేషం లేదు.

ద్వాదశి

విశేషం ఉంది!

వంటకి ముందే తొట్టి తుడుద్దామని చెయ్యి పెట్టాను. పువ్వు వెనక అద్దానికి పాచి పట్టింది. గీరుతుంటే రేకులు మణికట్టుకి తగిలాయి. చురుక్కుమంది. ముందు నమ్మలేదు. తరవాత మంట పాకింది, చెయ్యి బయటికి లాగి పెద్దగా అరిచాను.

ఆయన చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"పొయ్యకు! మంచినీల్లు పొయ్యకు, మంట పెరుగుద్ది! తొట్టిలో నీల్లే ముంచి పొయ్యి. రుద్దకు, రుద్దితే విషం లోనికి దిగిపోద్ది."

"అట్లనే, అట్లనే. ఏం సేయాల సెప్పు, అరిసేది తర్వాత" అంటూ ఉప్పునీళ్ళు పోశాడు.

చర్మానికి అంటుకున్న సన్నటి రేకు తునకల్ని చిన్న పట్టకారుతో తీయించుకున్నాను. వెనిగర్ గుడ్డ వేశాను. తరవాత ఉప్పునీళ్ళే కాచి, ఓర్చుకోగలిగినంత వేడిలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ కూడా అలాగే కాచేది. కాసేపటికి మంట తగ్గి, మణికట్టు చుట్టూ గాజు తొడిగినట్టు ఎర్రటి గీత మిగిలింది.

"నొప్పితో నవ్వుతాండావే నువ్వు" అన్నాడాయన భయంగా.

"గుర్తెట్టిందయ్యా" అన్నాను. ఏడుపు కూడా వచ్చింది.

ఎదురింటి దానమ్మకి చూపించి వచ్చాను. మా వాడ మనిషే. పట్టి పట్టి చూసింది. దాని కళ్ళలో అసూయ చూసి నాకు కడుపు నిండింది, అబద్ధమెందుకు.

త్రయోదశి

మళ్ళీ చెయ్యి పెట్టాను. కుట్టలేదు. పిల్లి పిల్లలా వేళ్ళకి చుట్టుకుంది.

నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటని పొద్దంతా ఆలోచించాను. నీళ్ళు అవే, ఎండ అదే, మేత రోజు కూడా కాదు. రాత్రి కంచం ముందు కూర్చుని, అలవాటుగా తొలి ముద్దలోంచి చేపముక్క తీసి, లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి, పువ్వు నోట్లో పెట్టబోతూ ఆగిపోయాను.

ఏకాదశి నాడు ముద్ద లేదు.

గంగమ్మకి పెట్టకుండా తింటే మెతుకు మింగుడుపడదని అమ్మ రోజూ తొలి ముద్ద అలల్లోకి విసిరేది. ఇక్కడికొచ్చాక ఆ ముద్ద తొట్టికి మారింది, పెళ్ళయ్యాక ఓబులేసూ తన ముద్ద పెడుతున్నాడు. వీధిలో ఏ ఇంట్లోనైనా అంతే. డాక్టరు అడిగింది మేత గురించి. మేత పశువులకి వేస్తారు. అమ్మవారికి పెట్టే ముద్ద మేతలోకి ఎలా వస్తుంది? అందుకే ఒక్కరం కూడా చెప్పలేదు, చెప్పాలని తోచలేదు. అంత పెద్ద సముద్రానికి ఒక ముద్ద ఏ మూలకీ ఆనదు. ఈ తొట్టికి అదే అజీర్తి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేం అడక్కుండానే మూడు పూటలా పెట్టి, కుట్టాల్సిన అవసరమే లేకుండా చేశాం. దానిది కడుపు నిండిన బేరం అయిపోయింది.

చేపముక్క మళ్ళీ కంచంలోకి తెచ్చుకున్నాను. నిజంగానే మింగుడుపడలేదు.

పున్నమి

హంసవేణికి ఫోన్‌లో అంతా చెప్పాను. అంతా విని, చెప్పింది మళ్ళీ చెప్పించుకుంది. తరవాత పగలబడి నవ్వింది.

"ముద్ద ఆపేయండమ్మా. దానికి వెలుగే సగం తిండి, చావదు. ఆకలి తెలిస్తే కుడుతుంది. చేతులకి తొడుగులు మాత్రం వేసుకోండి, కళ్ళు జాగ్రత్త."

వీధిలో అందరికీ చెప్పాను. దానమ్మ చెవులు మూసుకుంది. "గంగమ్మకి కూడు మానీమంటావేటే? నీ నోరు పడిపోను!" అంది. సాయంత్రం మళ్ళీ తనే వచ్చి, ఎన్నాళ్ళు మానాలని మెల్లిగా అడిగింది.

అసలు కష్టం మా ఇంట్లోనే. నేను కంచం ముందు కూర్చోగానే పువ్వు రేకులన్నీ నా వైపు చాస్తుంది. ఇన్నేళ్ళ అలవాటు. నేను చూడనట్టు గోడ వైపు తిరిగి తింటున్నాను. ఓబులేసు తొట్టికి ఎదురుగా కూర్చుని, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తూ, పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నాడు.

బహుళ పంచమి

తొట్టి మొత్తానికి పౌరుషం వచ్చింది. పువ్వును చూసి మిగతావి కూడా నేర్చుకున్నాయో ఏమో, పసుపు పగడం ముంజేతిని కాల్చింది. రాయి కదిపితే దాని కింది ముళ్ళ పురుగు వేలినిండా గాజుపీచులాంటి ముళ్ళు దింపింది. అతుక్కునే టేపు వేసి లాగితే ముళ్ళన్నీ దానితో వచ్చాయి. ఇది ఓబులేసు ఉపాయం. ఇక్కడ బ్రహ్మజెముడు ముళ్ళకి ఆయన వాళ్ళ జేజి, అదే నాయనమ్మ, జిగురుతో ఇలాగే చేసేదట. మెట్ట వైద్యం సముద్రపు ముల్లుకి పనిచేసినందుకు ఆయన పొద్దంతా మీసం దువ్వుకున్నాడు.

తొడుగులు వేసుకోమని పోరు పెడుతున్నాడు. వేసుకుంటున్నాను. కానీ మణికట్టు గుర్తు మాసిపోతుంటే చూస్తూ ఉండలేక ఒకసారి తీసేశాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

దద్దుర్లు మంటెక్కినప్పుడల్లా పెదరేవు గుర్తొస్తోంది. చేపలు ఎండేసిన ఇసుక వాసన, తెప్పలు లాగేటప్పటి కేకలు, తడిచీర చెంగుతో అమ్మ నా ముఖం తుడవడం. ఇన్నేళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయో. నొప్పి తాళంచెవి తిప్పినట్టు తిప్పుతోంది.

బహుళ దశమి

ఈ రోజు పువ్వు కుట్టలేదు.

వరసగా కుడుతున్నది, అమావాస్య వాకిట్లోకి వచ్చిన వేళ, మళ్ళీ పిల్లి పిల్ల అయిపోయింది. నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం దానమ్మ ఇంటికని బయల్దేరి, కళ్ళజోడు మర్చిపోయి వెనక్కి వచ్చాను. ఓబులేసు తొట్టి మీదికి వంగి ఉన్నాడు. వేళ్ళ మధ్య చేపముక్క.

నా నోటికి అడ్డు లేకపోయింది. ఏమేమి అన్నానో రాయను. ఆయన చెయ్యి తుడుచుకుని, తల వంచుకుని, అన్నీ విన్నాడు.

"ఎన్నాల్ల నించి పెడతన్నావు?"

"మొన్నటి నుంచి."

"ఏటికి? సెప్పు! నానేటి అపకారం సేసినాను నీకు?"

"దానికి ఆకలైతాంది రత్నం. సేతులు సాస్తాంది. మా జేజి కరువులో ఉడకబెట్టిన ఆకులు తిని బతికింది. ఆకలంటే మా నేలకి తెలిసినట్టు ఇంగెవురికి తెలుసు?"

"అంతేనా?"

ఆయన తొట్టి అద్దం మీద పడ్డ నీటి చుక్కలు వేలితో తుడిచాడు. తరవాత తొట్టి వైపు చూస్తూ అన్నాడు.

"అది పాసైతే నువ్వు పోతావు. పోతే ఇంగ రావు. నీకు ఆడ సముద్రముండాది. నాకు ఈడ నువ్వే ఉండేది."

నా కోపమంతా ఎటుపోయిందో తెలియదు. ఇంతకాలం ఇంటివాళ్ళు అంటే నేనూ, మా అమ్మా, మా వాడ అనే లోపల్లోపల అనుకున్నానని అప్పుడు తట్టింది. శాఖవాళ్ళు ఇంటివాళ్ళందరూ అన్నారు. ఆయనకి ఆ మాటలో తను కనపడలేదు. కనపడేలా నేనెప్పుడూ చెప్పలేదు.

"నీకు ఈత రాదని తెలుసు. నడుం దాకా దిగొచ్చు. నాను సెయ్యి అట్టుకుంటాను" అన్నాను.

"ఆడ నేనేం సేసేది?"

"కాపలా. సేను కాసినోడివి, పువ్వుని కాయలేవేటి?"

నవ్వలేదు కానీ, చేపముక్క కంచంలోకి తెచ్చి పెట్టాడు.

అమావాస్య

హంసవేణి రాలేదు. ఎర్రదుమ్ము గాలి, దారులన్నీ మూసేశారు. రెండు మూడు రోజులు పట్టొచ్చని ఫోన్ చేసింది. దేవుడిచ్చిన గడువు. ఆయన తినిపించింది అరగాలి కదా.

అయితే ఓబులేసు ఒక షరతు పెట్టాడు. దానికి లేని ముద్ద తనకీ వద్దట. దాని ముందు కూర్చుని తినడం ఆకలిగొన్నవాడి ముందు విస్తరి పరిచినట్టు ఉందట. సరే అన్నాను. పరీక్ష అయ్యేదాకా ఇద్దరం ఒక్కపొద్దు. ఆ ఒక్కపూటా పెరట్లో, తొట్టికి కనపడకుండా తింటున్నాం. బయట దుమ్ము, కంచంలో కూడా దుమ్ము. పెళ్ళయిన కొత్తలో కూడా మేం ఇలా ఒకరి పక్కన ఒకరం కూర్చుని తినలేదు.

శ్రావణ శుద్ధ తదియ

హంసవేణి వచ్చింది. చొక్కా చెయ్యి మడిచింది. ఓబులేసు పక్కగదిలోకి వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాడు. చూడలేనన్నాడు.

చెయ్యి నీళ్ళలోకి దిగింది. పువ్వు ఒక్క క్షణం కదల్లేదు. తరవాత రేకులన్నీ ఒక్కసారిగా ఆమె ముంజేతిని కరుచుకున్నాయి.

"అమ్మో!" అని హంసవేణి చెయ్యి లాగేసుకుంది. డాక్టరు చదువంతా మర్చిపోయి నోటితో ఊదుకుంటోంది. తలుపు చాటు నుంచి ఓబులేసు ఉప్పునీళ్ళ చెంబుతో వచ్చాడు.

"రుద్దొద్దు మేడం, రుద్దితే విషం లోపలికి దిగుతాది. మంచినీళ్ళు అసలు పనికిరావు" అని నా పాఠం నాకే వినిపిస్తూ, పట్టకారుతో తునకలు తీసి, వెనిగర్ గుడ్డ చుట్టి, వేడినీళ్ళు తెచ్చాడు.

ముంజేతి మీద దద్దుర్లు పగడాల దండలా లేచాయి. హంసవేణి ఒక చేత్తోనే సంతకం పెట్టింది. ఎంతమంది వస్తారని అడిగింది.

"ఇద్దరం" అన్నాను, ఆయన నోరు తెరిచేలోపు.

శ్రావణ పున్నమి, పెదరేవు

కంచె గేటు తీశారు. ఇసుక అదే. వాసన అదే. తెప్పలు లేవు, ఇళ్ళు లేవు, మా అమ్మ లేదు. మొదటి అల పాదాల మీదికి వచ్చినప్పుడు నేను కూలబడి పెద్దగా ఏడ్చాను. ఓబులేసు నా వెనక నిలబడి, ఇంత నీళ్ళు ఒక్కచోట ఎందుకున్నాయన్నట్టు చూస్తున్నాడు.

"ఇదంతా ఉప్పేనా?" అన్నాడు.

"నాలిక మీద ఏసుకుని సూడు."

వేసుకుని, ముఖం చిట్లించి, మళ్ళీ వేసుకున్నాడు.

పాటు తీసిన వేళ, నడుం లోతులో, శాఖవాళ్ళు గుర్తు పెట్టిన రాళ్ళ దగ్గరికి పువ్వును దాని రాయితో సహా తీసుకెళ్ళాం. ఒక చెయ్యి ఆయనకిచ్చాను. రెండో చేత్తో ఆయనే రాయి పట్టుకున్నాడు. తొడుగు వేసుకోమంటే వినలేదు. తనని ఎప్పుడూ ఏమీ చెయ్యలేదన్నాడు. నిజమే. ఆయన చెయ్యి దానికి ఎప్పుడూ ముద్దతోనే తెలుసు.

రాతి సందులో పెట్టి, నీళ్ళు నెట్టకుండా సర్దుతున్నాడు. ఒక అల వచ్చింది. రేకులు విచ్చుకుని ఆయన చేతి మీద పడ్డాయి.

ఆయన అరుపుకి ఒడ్డున కొంగలు లేచిపోయాయి.

సముద్రపు నీళ్ళే దోసిట పట్టి పోశాను. చుట్టూ అదే కదా, వెతుక్కోనక్కర్లేదు. చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. అరచేతి వెనక నుంచి మణికట్టు దాకా ఎర్రగా లేస్తోంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంటకి కాదు.

"నన్ను గుర్తుపట్టలేదే రత్నం" అన్నాడు. "ఇన్నేళ్ళు నా సేత్తో తిన్నది, గుర్తే పట్టలేదే."

నేను ఆయన చెయ్యి తీసుకుని నా చెయ్యి పక్కన పెట్టాను. పాతదీ కొత్తదీ, రెండు గుర్తులు.

"గుర్తుపట్టడం కాదయ్యా. గుర్తెట్టింది. ఇంక నువ్వు ఎక్కడ తప్పిపోయినా గంగమ్మ నిన్ను ఒడ్డుకి సేర్సుద్ది. నువ్వూ మా రేవోడివే."